మీకు తెలుసా? శస్త్రచికిత్సతో తగ్గిన మధుమేహం మళ్లీ తలెత్తవచ్చు

2012లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో ఖతార్ వయోజన పౌరుల్లో 41 శాతం స్థూలకాయులని, దాదాపు 17 శాతానికి మధుమేహం ఉందని తేలింది. దోహాలోని హమద్ మెడికల్ కార్పొరేషన్‌లో చేసే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే బరువు తగ్గించే శస్త్రచికిత్సలో జీర్ణాశయాన్ని చాలావరకు తొలగించి సన్నని గొట్టంలా మిగులుస్తారు. దీంతో ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను తగ్గుతుంది; చాలామందిలో రక్తంలోని చక్కెర కూడా అదుపులోకి వస్తుంది.

అయితే ఆ ఫలితం ఎంతకాలం నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న. ఎక్కువగా పాత పద్ధతుల్లో శస్త్రచికిత్స పొందినవారిని పరిశీలించిన స్వీడన్ అధ్యయనంలో, ఉపశమనం, అంటే మందులు లేకుండానే చక్కెర అదుపులో ఉండే స్థితి, రెండేళ్లకు 72 శాతం మందిలో కనిపించగా, పదిహేనేళ్లకు 30 శాతానికి పడిపోయింది. అయినా శస్త్రచికిత్స లేనివారిలో అది 6.5 శాతమే కాగా, కళ్లు, మూత్రపిండాలు, నాడులు దెబ్బతినడం శస్త్రచికిత్స పొందినవారిలో దాదాపు సగానికి తగ్గడం ఎంతో విలువైన ఫలితం.

మరోవైపు, మధుమేహం వచ్చి మూడేళ్లు దాటని వారిపై ఖతార్‌లోనే జరిగిన డయాడెమ్-1 అనే క్లినికల్ పరీక్షలో, కత్తి పెట్టకుండా, కేవలం తక్కువ కేలరీల ఆహారంతో, వ్యాయామంతో ఏడాదిలో 61 శాతం మంది ఉపశమనం పొందారు.