ఛాతీ నొప్పిలో వంశపు జాడ

రక్తనాళాల గోడలకూ, కీళ్లకూ, కంటి కటకాన్ని పట్టి ఉంచే తంతువులకూ బలాన్నిచ్చేది సంయోజక కణజాలం. దాన్ని నిర్మించే జన్యువులో పుట్టుకతోనే లోపముంటే, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని గోడ ఏళ్ల తరబడి సాగి ఉబ్బవచ్చు. ఏదో ఒకనాడు లోపలి పొర చిరిగి, రక్తం పొరల మధ్యకు చొరబడవచ్చు. బృహద్ధమని చీలిక అంటే ఇదే. చికిత్స ఆలస్యమైతే గంటగంటకూ ప్రాణాపాయం పెరుగుతుంది.

ఇలాంటి జన్యులోపంతో వచ్చే జబ్బుల్లో మార్ఫాన్ సిండ్రోమ్ ముఖ్యమైనది. ఫ్రెంచి వైద్యుడు ఆంత్వాన్ మార్ఫాన్ 1896లో ఒక చిన్నారిలో దీని లక్షణాలను వర్ణించాడు. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుంది. కారణమైన ఎఫ్‌బీఎన్1 జన్యువు 1991లో తేలింది. 2005లో వర్ణించిన లోయిస్-డీట్జ్ సిండ్రోమ్‌లో కళ్ల మధ్య ఎడం ఎక్కువ, కొండనాలుక చీలి ఉండొచ్చు. రక్తనాళాలను దెబ్బతీసే ఎహ్లర్స్-డాన్లోస్ రకంలో చర్మం పలచనై సిరలు కనిపిస్తాయి, చిన్న దెబ్బకే కమిలిపోతుంది.

మార్ఫాన్‌ను పసిగట్టడానికి ముందుగా కావలసింది మనిషిని నిదానంగా చూడడమే. సన్నని పొడుగాటి ఒళ్లు, ఎత్తును మించిన బార, గుంట పడిన లేదా ముందుకు పొడుచుకొచ్చిన రొమ్ము, వంగిన వెన్ను, పక్కకు జరిగిన కంటి కటకం దీని గుర్తులు. బొటనవేలిని లోపలపెట్టి పిడికిలి బిగిస్తే దాని కొస చిటికెనవేలి పక్కనుంచి బయటికొస్తుంది. బొటనవేలు, చిటికెనవేలితో రెండో చేతి మణికట్టును చుడితే ఆ వేళ్లు ఒకదానిపైకి ఒకటి వస్తాయి.

బృహద్ధమని చీలిక నొప్పి ఉన్నట్టుండి మొదలై తొలిక్షణంలోనే తీవ్రస్థాయికి చేరుతుంది. వీపులోకి పాకవచ్చు. రెండు చేతుల్లో రక్తపోటు తేడాగా ఉండొచ్చు. ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన చీలిక లేదనుకోకూడదు. గుండెపోటుగా పొరబడి గడ్డలు కరిగించే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణానికే ముప్పు. సీటీ యాంజియోగ్రామ్ అసలు సంగతి తేలుస్తుంది. మార్ఫాన్ ఉన్నవారిలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినా ఛాతీ నొప్పి వస్తుంది.

కంకిపాడులో పొడుగాటి పాతికేళ్ల కుర్రాడు రొమ్ము పట్టుకుని కూలబడితే, ‘ఈ వయసులో గుండెజబ్బేమిటి, గ్యాస్ అయి ఉంటుంది’ అనుకోవడమే పెద్ద ప్రమాదం. వెంటనే 108కి ఫోన్ చేసి, బందరు రోడ్డు మీదుగా విజయవాడలో సీటీ, గుండె శస్త్రచికిత్స రెండూ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారు ఉన్నారేమో వైద్యుడు అడగాలి, ఇంటివాళ్లు దాచకుండా చెప్పాలి.

మేనరికం వల్లే మార్ఫాన్ వస్తుందనుకోవడం పొరపాటు. తల్లిదండ్రుల్లో ఒక్కరికున్నా ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం. సుమారు నాలుగో వంతు మందిలో మాత్రం జన్యులోపం కొత్తగా పుడుతుంది. అందుకే ఒకరిలో తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలందరికీ ఎకో తీయించాలి. అమెరికా వాలీబాల్ తార ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో ఆట మధ్యలో కుప్పకూలి చనిపోయాకే ఆమెకు మార్ఫాన్ ఉందని తేలింది. ఆ తరువాత పరీక్షించగా ఆమె సోదరుడికీ అదే జబ్బు బయటపడి, సకాలంలో శస్త్రచికిత్స జరిగింది.

జబ్బు ముందే తెలిస్తే బీటా బ్లాకర్లు, లోసార్టాన్ వంటి మందులు ధమనిపై ఒత్తిడి తగ్గిస్తాయి. బరువులెత్తడం మానాలి, గర్భం దాల్చేముందు వైద్యసలహా తీసుకోవాలి. మార్ఫాన్‌లో బృహద్ధమని మొదలు వ్యాసం 5 సెంటీమీటర్లకు చేరితే, చీలక ముందే ఆ భాగాన్ని మార్చే శస్త్రచికిత్స చేస్తారు.