చెన్నపట్టణపు కోటకు అక్క

చెన్నపట్టణపు కోట పేరు విననివారు మనలో అరుదు. దానికి అక్క యనదగిన కోట యొకటి మన నెల్లూరు తీరముననే యుండెనని యెందరెరుగుదురు?

చిల్లకూరునకు ఆగ్నేయముగా, పులికాటు సరస్సు ఉత్తరపు కొనయందు దుగరాజపట్టణమను పల్లె కలదు. 1626వ సంవత్సరమున ఆంగ్ల వర్తకులు మన బట్టల కొనుగోలునకై అచట దిగిరి. తమకు తోడ్పడిన ఆర్ముగ ముదలియారు పేర దానిని ఆర్మగాము అనిరని ప్రతీతి. ఎదుట కడలిలోని ఇసుకమేట అలల ఉద్ధృతిని తగ్గించి ఓడలకు ఆశ్రయమిచ్చెడిది. పులికాటున 1613లోనే కోట గట్టుకొనిన డచ్చివారి పోటీకి జంకి, వీరు 12 ఫిరంగులు నిలిపిరి. ఈ తీరమున ఆంగ్లేయుల మొదటి కోట యిదియే. అయినను అచట వ్యాపారము తగినంత సాగలేదు. ఫ్రాన్సిస్ డే 1639లో దామెర్ల నాయకుల యనుమతి పడసెను. 1640లో వారు చెన్నపట్టణమునకు తరలిరి.

విడిచిన కోట నేలగలిసినను మూగవోదు. పునాది లోతు, గోడ మందము, ఇటుక కొలత, సున్నపు పొర, వాని నడుమ కుండపెంకులు: పురాతత్త్వజ్ఞులకు ఇవియే అక్షరములు. ఇటుక తన చోటు వీడెనా, ఆ యక్షరము చెరిగినట్లే.

వర్తకుల పేర్లు గ్రంథముల కెక్కినవి. ఆ బట్టలకు నూలు వడకిన మన ముత్తవ్వల పేర్లు ఎక్కలేదు. వారి గురుతులు నేలలోనే వెదుకవలెను. కావున పాతదిబ్బల ఇటుకలను పొయ్యిగడ్డలకు తేవలదని మన పిల్లలకు నేర్పుదము.