గింజలన్నీ మొలకలు కావు

2021 వేసవిలో మా ఇంట్లోకి ఏ వస్తువొచ్చినా అమ్మ ఉప్పునీళ్ళతో కడిగేది. బాబాయి నోట్లకి ఇస్త్రీ పెట్టేవాడు. అదే వేసవిలో జ్వరంతో పడుకున్న తాతయ్య చుట్టూ, కిటికీలు బిగించిన గదిలో మేమంతా కూర్చున్నాం. ఐదుగురం పడ్డాం. తాతయ్య మాకు దక్కలేదు. మేము దేనికి భయపడాలో తెలియక దేనికో భయపడ్డామని మైక్రోబయాలజీ చదివాక గాని నాకు అర్థం కాలేదు.

బల్ల మీదో తలుపు గొళ్ళెం మీదో వైరస్ ఉందా అని ఎలా చూస్తారు? తడి దూదిపుల్లతో తుడిచి, ద్రావణంలో వేసి, చల్లగా లాబొరేటరీకి పంపుతారు. అక్కడ ఆర్.ఎన్.ఏ.ని డి.ఎన్.ఏ.గా మార్చి, పి.సి.ఆర్. యంత్రంలో విడత విడతకీ సుమారు రెట్టింపు చేస్తారు. ఎన్ని తక్కువ విడతల్లో బయటపడితే అంత ఎక్కువ ఉన్నట్టు లెక్క.

చిక్కల్లా ఇక్కడే ఉంది. మా నాన్న విత్తనం కొనగానే చల్లడు. నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో చుట్టి, ఎన్ని మొలకెత్తాయో చూస్తాడు. చూపుకి నూరూ ఒకలాగే ఉంటాయి మరి! పి.సి.ఆర్. గింజల్ని లెక్కపెడుతుంది, మొలకల్ని కాదు. చచ్చిన వైరస్ తాలూకు ముక్క దొరికినా 'ఉంది' అనే చెబుతుంది. 2020లో డైమండ్ ప్రిన్సెస్ ఓడలో, ప్రయాణికులు ఖాళీ చేసిన 17 రోజులకి కూడా, ఇంకా శుభ్రం చేయని గదుల్లో ఆర్.ఎన్.ఏ. దొరికింది. అంతమాత్రాన వైరస్ 17 రోజులు బతికిందని కాదు.

మొలక పరీక్ష లాంటిది వైరస్‌కీ ఉంది. తుడిచి తెచ్చిన నమూనాని బతికున్న కణాల పొర మీద వేసి, ఆ కణాలు చస్తాయేమో కనిపెట్టాలి. రోజులు పడుతుంది, గట్టి భద్రత ఉన్న లాబొరేటరీ కావాలి. 2020లో అలా చూస్తే కరోనా వైరస్ ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా బతికి కనిపించింది (అప్పటికి చాలా తగ్గిపోయింది). అట్ట మీద 24 గంటలకీ, రాగి మీద 4 గంటలకీ బతికున్నది దొరకలేదు.

అసలు ఇలాంటి సంగతి 1987లోనే జలుబు వైరస్ విషయంలో తేలింది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో జలుబు ఉన్నవాళ్ళతో లేనివాళ్ళని గంటల తరబడి పేకాడించారు. చేతులు మొహం దాకా పోకుండా కట్టడి చేసినవాళ్ళకీ జలుబు పట్టుకుంది. వాళ్ళు నలిపిన పేకముక్కలతో వేరే గదిలో ఆడినవాళ్ళకి మాత్రం ఒక్కరికీ రాలేదు. కరోనా విషయంలో కూడా, వైరస్ ఉన్న వస్తువుని ఒకసారి తాకితే అంటుకునే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటె తక్కువని 2021లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెప్పింది.

అలాగని దూదిపుల్ల వృథా అనుకోకండి. కెనడాలో వృద్ధాశ్రమాల నేల తుడిచి పరీక్షించి, లోపల జబ్బు పాకుతోందా లేదా అన్నది పసిగట్టగలిగారు. నేల మీది ఆర్.ఎన్.ఏ. మనకి అంటుకోకపోవచ్చు గాని, ఆ గదిలో ఎవరో దగ్గుతున్నారని చెబుతుంది. అప్పుడు కడగవలసింది బల్లని కాదు, తీయవలసింది కిటికీ తలుపులు.