పాలచెంబుపై ఈగ

మృగశిర కార్తెలో తొలకరి పడిన నాటి నుండి మా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో రెండు ఒక్కసారిగా పెరుగుతాయి. ఒకటి గట్ల మీద పచ్చిక, రెండవది కొట్టాలలో ఈగలు. మొదటిదాని వలన పాడి పెరుగుతుంది, రెండవదాని వలన ఆ పాడి చెడుతుంది. ఈ రెండవ సంగతి మనకు ఎంతగా అలవాటైపోయినదంటే, పాలచెంబు అంచుపై వాలిన ఈగను తోలడానికి చేయి కూడా లేవదు. మా మనుమడు జబ్బుపడే వరకు నా చేయీ లేచేది కాదు.

ఆనాడు ఉదయం తెచ్చిన పాలు ఏవో పనుల వలన సాయంత్రం దాకా కాచకుండానే వంటింట్లో ఉండిపోయాయి. వాసన మారలేదు, విరగలేదు. మా కోడలు వాటిని బాగా మరగకాచి కోవా చేసినది. పిల్లవాడు ఇష్టంగా తిన్నాడు. మూడు గంటలు గడవకముందే వాంతులు మొదలై, రాత్రికి వాడి కళ్ళు లోతుకు పోయాయి. "అంతసేపు మరిగించిన పాలు కదా, ఇంకేమి దోషం ఉంటుంది?" అని నేను వైద్యుని అడిగాను. ఆయన చెప్పిన సమాధానమే ఈ వ్యాసానికి మూలం.

స్టెఫలోకాకస్ అనే సూక్ష్మజీవి ఒకటి ఉన్నది. పొదుగువాపు వచ్చిన పశువు పాలలోను, మనుషుల ముక్కులోను, చేతి పుండ్లలోను ఉంటుంది. వెచ్చని పాలలో అది గంటల తరబడి పెరిగినప్పుడు ఒక విషాన్ని విడుస్తుంది. పాలు మరిగినప్పుడు సూక్ష్మజీవి చస్తుంది కాని, అది విడిచిన విషం మరుగుకు లొంగదు. తిన్న ఒకటి నుండి ఆరు గంటలలో వాంతులు వస్తాయి. కాచిన పాలకు భయం లేదని మన ఇళ్ళలో ఉన్న ధీమా చాలావరకు సరియైనదే. అయితే అది వెంటనే కాచిన పాలకు వర్తించే మాట.

మూడవ నాడు నేను మాకు పాలు పోసే ఆమె కొట్టానికి వెళ్ళాను. నిష్ఠూరం ఆడడానికి కాదు, చూడడానికి. నాలుగు ఎనుములు, ఒక ఆవు. కొట్టం ఊడ్చి శుభ్రంగానే ఉన్నది. కాని పది అడుగుల దూరంలోనే పెంటదిబ్బ ఉన్నది. గాడి ప్రక్కన నానవేసిన పత్తిగింజలు, వేరుశనగ చెక్క, పులిసిన కుడితి తొట్టి ఉన్నాయి. ఈగలు దిబ్బ మీది నుండి తొట్టి మీదికి, అక్కడి నుండి పొదుగు మీదికి, పొదుగు నుండి చెంబు అంచుకు తిరుగుతున్నాయి.

"ఈగలు లేని కొట్టం యాడుంటాది సార్? పాలు గుడ్డలో వడగట్టే పోస్తాను" అన్నది ఆమె.

నిజమే, పలుచని నూలుగుడ్డతో వడగట్టినది. మగ్గాల ఊరైన ఎమ్మిగనూరులో అటువంటి గుడ్డకు కొరత లేదు. అయితే గుడ్డ ఈగను ఆపగలదు కాని, ఈగ కాళ్ళు కడిగిన పాలను ఆపలేదు.

ఈగ కాళ్ళకు ఏమి అంటుకొని ఉంటుందో లెక్కించినవారు ఉన్నారు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో స్టోర్స్ వ్యవసాయ పరిశోధన కేంద్రానికి చెందిన ఎస్టెన్, మేసన్ అనే ఇద్దరు, పాలలోకి సూక్ష్మజీవులు ఎక్కడి నుండి వస్తున్నాయో తెలుసుకొనడానికి 414 ఈగలను పరీక్షించి 1908లో ఫలితాలు ప్రకటించారు. ఒక్కొక్క ఈగపై తక్కువలో తక్కువ 550, అత్యధికంగా 66 లక్షల సూక్ష్మజీవులు కనిపించాయి. సగటు పన్నెండున్నర లక్షలు. అటువంటి ఈగ ఒక్కటి లీటరు పాలలో పడి ఆ సరుకంతా అందులో కడుగుకొన్నదనుకొందాం. ప్రతి మిల్లీలీటరుకు 1,250 చేరుతాయి. అన్నీ రోగకారకాలు కావు. కాని వెచ్చని పాలలో అరగంటకొకసారి రెట్టింపయ్యే సూక్ష్మజీవి ఒకటి, ఆరు గంటలలో నాలుగు వేలు దాటుతుంది. మా వంటింట్లో ఆనాడు పాలు ఉన్నది అంతకంటె ఎక్కువసేపే.

ఇంకొక సంగతి వ్రాయడానికి కొంచెం జుగుప్సగానే ఉన్నది. ఈగకు నమిలే శక్తి లేదు. వాలినచోట తన లాలాజలాన్ని, లోపలి ద్రవాన్ని కక్కి, కరిగిన దానిని పీల్చుకొంటుంది. అంతకుముందు అది పేడ మీద ఉన్నదో, మురుగు మీద ఉన్నదో మనకు తెలియదు. ఇ-కోలి, సాల్మొనెల్లా వంటి విరేచనకారక సూక్ష్మజీవులను ఈగలు ఇట్లే మోస్తాయి. ఇజ్రాయెల్ సైనిక శిబిరాలలో ఎరలతో, బోనులతో ఈగలను అదుపు చేసి చూడగా, విరేచనాలతో వైద్యుని వద్దకు వచ్చేవారు 42 శాతం, జిగట విరేచనాల రోగులు 85 శాతం తగ్గినట్లు 1991లో ప్రకటించారు.

కొట్టంలో తిరిగేవన్నీ ఇంటి ఈగలే కావు. చూపునకు అట్లే ఉండి, ముందుకు పొడుచుకొని వచ్చిన గట్టి తొండంతో పశువు కాళ్ళను కుట్టేవి వేరు. రొమ్ములపై మూగే చిన్న ఈగలు ఒక పశువు పొదుగువాపును మరొకదానికి అంటిస్తాయి. కనుక ఈగ పాలలో పడకపోయినా దాని దోషం పాలలో ఉండవచ్చును.

మరి ఉపాయం? మా పత్తి సీమలో మొదట తోచేది మందు కొట్టడమే. చేనికి తెచ్చిన పురుగుమందులో మిగిలినది కొట్టంలో చల్లడం నేను కళ్ళారా చూశాను. ఇది ఈగ కంటె పెద్ద ప్రమాదం. పంట మందు గాడిలోని మేతపై, పశువు చర్మంపై పడితే పాలలోకి రాగలదు. డిడిటి వంటివి కొవ్వులో నిలుస్తాయి కనుక పాల కంటె వెన్నలో, నేతిలో వాటి సాంద్రత ఎక్కువ. మన దేశంలో వ్యవసాయానికి డిడిటి వాడకాన్ని 1989లోను, బిహెచ్‌సిని 1997లోను నిషేధించారు. ఇప్పుడు దొరికేవి వేరు మందులైనా, చేనికి ఉద్దేశించినవి కొట్టానికి తగవు. పశువుపై మందు తప్పనిసరియైతే పశువైద్యుడు చెప్పినదే, చెప్పిన మోతాదులోనే వాడవలెను.

ఈగ బలమంతా దిబ్బలో ఉన్నది. తడి పేడలో ఆడ ఈగ విడతకు నూరు వరకు, జీవితంలో మొత్తం అయిదు వందల దాకా గ్రుడ్లు పెడుతుంది. ఒకనాటిలో పురుగు, వేసవి వేడికి వారం పది రోజులలో రెక్కల ఈగ. అంటే వారంలో రెండుసార్లు పేడను కొట్టానికి దూరంగా తరలించినా, పలుచగా పరచి ఎండబెట్టినా, పిడకలు చేసినా, దిబ్బను ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పినా ఈగ పుట్టుకే ఆగుతుంది. గోబర్ గ్యాసు ఉన్నవారికి ఈ చింతే లేదు. ఎగిరే వేయి ఈగలను తోలడం కంటె ఇది సులువు.

మన శాస్త్రం ఈగను ఎరుగనిది కాదు. పుండ్లపై ఈగలు క్రిములను ఉంచుతాయని సుశ్రుతుడు చెప్పాడు. వ్రణితుని గదికి ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు కలిపి రోజుకు రెండు పూటలా పది దినాలు ధూపం వేయమన్నాడు. కొట్టంలో ఎండు వేపాకు పొగ ఈగలను తోలుతుంది. అయితే పాలు పితకడానికి అరగంట ముందే వేసి, పొగ పోనీయవలెను. పాలు వాసనను ఇట్టే పట్టుకొంటాయి. పొగ ఈగను తరుముతుందే గాని చంపదని కూడా గుర్తుంచుకొనవలెను.

ధారోష్ణ క్షీరం విషయంలో నా అభిప్రాయం కొందరు పెద్దలకు రుచించదు. పొదుగు నుండి పితికిన వెచ్చని పాలను మన గ్రంథాలు అమృతతుల్యమన్నాయి. కాని పశువుల క్షయ, బ్రూసెల్లా జ్వరం పొదుగులో నుండే రాగలవు. పశువు ఎంత ఆరోగ్యంగా కనిపించినా పిల్లలకు, గర్భిణులకు పచ్చిపాలు ఇవ్వరాదనే నేను అంటాను.

గృహిణులు చేయదగినది స్వల్పమే. పాలు ఇల్లు చేరిన వెంటనే కాచి, మూత పెట్టి చల్లార్చి, ఫ్రిజ్ ఉంటే అందులో, లేకుంటే నీటి పళ్ళెంలో ఉంచి, సాయంత్రం మరల కాచవలెను. వడగట్టే గుడ్డను రోజూ మరిగించి ఎండలో ఆరవేయవలెను. పగలంతా బయట ఉన్న పచ్చిపాలతో కోవా, పాయసం చేయరాదు.

వాంతులు, విరేచనాలు పట్టుకొన్న బిడ్డకు మందుల దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లమే ఉత్తమం. అది అందేలోగా కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు సమచెంచాల చక్కెర, అర సమచెంచా ఉప్పు కరిగించి గుక్క గుక్కగా ఇవ్వవచ్చును. చెంచా అంటే టీ చెంచా. తేరుకొన్న తరువాత పేలాల జావ, అనగా మన శాస్త్రం చెప్పిన లాజమండం, తేలికగా ఒంటబడుతుంది. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా, మలంలో నెత్తురు కనిపించినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి తీసుకొని పోవలెను. మావాడిని ఆ రాత్రే తీసుకొని పోయాం. రెండవనాటికి తేరుకొన్నాడు.

మా పాలామెకు నేను పాఠం చెప్పలేదు. మూత బిగుతుగా పట్టే స్టీలు క్యాను ఒకటి కొనిచ్చి, దిబ్బ మాట మాత్రం ఎత్తాను. స్థలం ఎక్కడ ఉన్నదని మొదట విసుక్కున్నది. పొలం ఉన్న ఒక బంధువు ఎరువుకై వారానికి రెండుసార్లు బండి పంపడానికి ఒప్పుకొనడంతో దిబ్బ కదిలినది. పితికే ముందు పొదుగు కడిగి పొడిగుడ్డతో తుడవడం, మొదటి ధారలు వేరే గిన్నెలో పిండి పారవేయడం ఆమెకు వృథాగానే తోచినది. ఇప్పటికీ సణుగుతూనే చేస్తుంది. నెల తరువాత వెళ్ళి చూస్తే కుడితి తొట్టిపై పాత గోనెపట్టా కప్పి ఉన్నది. ఆ పని నేను చెప్పినది కాదు. ఈగలు పూర్తిగా పోలేదు. "సగం పోయినాయి సార్, ఎనుము తోక కొట్టడం తగ్గించింది, కదలకుండ నిలబడతాంది" అన్నది.