పిస్టన్ నెత్తిన రాసి ఉన్న లెక్క

టూ-స్ట్రోక్ ఇంజిన్ పట్టేసే ముందు చాలాసార్లు మునుపటికన్నా హుషారుగా పరుగెడుతుంది. పొగ తగ్గుతుంది. ఎక్సలరేటర్ తిప్పగానే బండి ముందుకు దూకుతుంది. నడిపేవారికి ఇంజిన్ బాగా కుదిరిందనే అనిపిస్తుంది. అలా కొంతదూరం వెళ్లాక పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయి, వెనుక చక్రం నడిరోడ్డు మీద తిరగడం మానేస్తుంది. చెవికి తెలియని ఈ ప్రమాదం పిస్టన్ మీద మాత్రం ముందుగానే నమోదవుతూ వస్తుంది. దాన్ని చదవగలిగితే కార్బురేటర్‌ను ఎటు సరిచేయాలో తెలుస్తుంది.

మన దేశంలో 1985లో విడుదలై 1996 వరకు తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100నే తీసుకుందాం. సిలిండర్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 50 మిల్లీమీటర్లు, మొత్తం 98 సీసీ. ఉద్గారాల నిబంధనలు బిగిసి తయారీ ఆగిపోయినా, వీటిని ప్రాణంగా చూసుకునేవారు ఊరూరా ఇప్పటికీ కనిపిస్తారు.

ఈ ఇంజిన్‌లో ఫోర్-స్ట్రోక్ ఇంజిన్లకు ఉండే వాల్వులు ఉండవు. పిస్టన్ కిందికి దిగుతూ ముందు ఎగ్జాస్ట్ పోర్టును, ఆ వెంటనే సిలిండర్ పక్కల ఉన్న ట్రాన్స్‌ఫర్ పోర్టులను తెరుస్తుంది. కింద క్రాంక్‌కేసులో నొక్కుకుపోయి ఉన్న గాలి, పెట్రోలు, ఆయిల్ మిశ్రమం ఆ పక్క పోర్టుల నుంచి ఎగదన్ని పిస్టన్ నెత్తి మీదుగా పారుతుంది. కాలిన ఆయిల్ మసి నెత్తి మీద పేరుకుంటుంది కానీ, చల్లని తాజా మిశ్రమం తగిలే చోట నిలవదు. అక్కడ లోహం తేటగా బయటపడుతుంది. మెకానిక్కులు దీన్నే ‘వాష్’ అంటారు. వాకిట్లో కళ్లాపి చల్లితే నీళ్లు పడ్డంత మేర దుమ్ము అణగడం లాంటిదే ఇది.

పెట్రోలు పాలు ఎక్కువైతే తేట మచ్చలు నడినెత్తి వైపు విస్తరిస్తాయి. మిగతా చోట తడి తడిగా నల్లని జిడ్డు కనిపిస్తుంది. పెట్రోలు తక్కువైతే మచ్చలు కుంచించుకుపోయి, చివరికి మాయమై, నెత్తి అంతా పొడి మసితో ఒకే రంగుకు తిరుగుతుంది. పోర్టుల దగ్గర స్పష్టమైన అంచుతో తేట మచ్చలు, మిగతా భాగం ముదురు గోధుమ రంగు ఉంటే దాదాపు సరిపోయినట్టు. అయితే మచ్చ ఎంత ఉండాలన్నది పోర్టుల ఆకారాన్ని బట్టి మారుతుంది. అందుకే ఒక మోడల్ పిస్టన్‌ను మరో మోడల్‌తో పోల్చి తీర్పు చెప్పడం దండగ.

పెట్రోలు తగ్గితే వేడి ఎందుకు పెరగాలి? ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గరిష్ఠ శక్తి మాత్రం 12.5 నుంచి 13 కిలోల గాలి దగ్గర వస్తుంది. అంటే కాస్త పెట్రోలు మిగులుగానే పోయాలి. ఆ మిగులు వృథా కాదు. ద్రవం ఆవిరవుతూ వేడిని లాగేసుకుని పిస్టన్‌ను చల్లబరుస్తుంది. అది కరువైతే పిస్టన్ ఉబ్బుతుంది. 50 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ ప్రతి 100 డిగ్రీలకు దాదాపు 0.1 మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది. పోత ఇనుప సిలిండర్ అందులో సగమే. వీటి మధ్య ఉంచే ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే.

పిస్టన్ పక్కలు కూడా చూడాలి. ఎగ్జాస్ట్ పోర్టు వైపు నిలువు గీతలుంటే, అక్కడే వేడి ఎక్కువ గనుక, పెట్రోలు తగ్గిందని అనుమానించాలి. చుట్టూ నాలుగు చోట్ల రాపిడి కనిపిస్తే కార్బురేటర్‌ను నిందించి లాభం లేదు. చల్లని ఇంజిన్‌ను వేడెక్కనివ్వకుండా ఒక్కసారిగా పరుగెత్తించారన్నమాట. సిలిండర్ కన్నా ముందు పిస్టన్ ఉబ్బింది. నెత్తి అంచున ఇసుకతో కొట్టినట్టు సన్నని గుంటలుంటే మిశ్రమం అదుపు తప్పి పేలుతోందని అర్థం. దానికి పెట్రోలు తగ్గడమే కాక, ముందుకు జరిగిన ఇగ్నిషన్ టైమింగ్ కూడా కారణం కావచ్చు. నెత్తి అడుగున ఆయిల్ నల్లగా మాడి పెచ్చుకట్టిందా, లేత గోధుమ రంగులో ఉందా అన్నది వేడికి మరో సాక్ష్యం.

గుర్తు దొరకగానే జెట్ మార్చేయడం తొందరపాటు. మాగ్నెటో వైపు క్రాంక్ సీల్ అరిగినా, కార్బురేటర్ బిగింపు వదులైనా బయటిగాలి చొరబడి అచ్చం ఇవే గుర్తులు మిగులుస్తుంది. సీల్ మార్చాల్సిన చోట పెద్ద జెట్ వేస్తే రోగం దాగుతుంది తప్ప పోదు. గాలి లీకు లేదని తేలాకే కార్బురేటర్ జోలికి వెళ్లాలి. అందులోనూ ఎక్సలరేటర్ ఏ స్థాయిలో ఏ భాగం పనిచేస్తుందో గుర్తుంచుకోవాలి. ఐడ్లింగ్‌లో స్లో జెట్, మధ్యలో నీడిల్, మూడొంతులు దాటాక మెయిన్ జెట్. నెత్తి మీది వాష్ ముఖ్యంగా పూర్తి ఎక్సలరేటర్‌తో నడిపినప్పటి కథ చెబుతుంది కాబట్టి మెయిన్ జెట్‌కు అదే ఆధారం. నడిమి వేగాల్లో ఇబ్బందైతే నీడిల్ క్లిప్‌ను ఒక గాడి కిందికి దించాలి. నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది.

ఈ చదువు ఇప్పుడు మరింత అవసరపడుతోంది. పంపుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది గనుక అది కాలడానికి తక్కువ గాలి చాలు. పాత జెట్‌తో అదే ఇంజిన్‌కు మిశ్రమం 7 శాతం దాకా పలచబడుతుంది. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు ఎక్కువ వేడి లాక్కోవడం, పేలుడు ధోరణిని తగ్గించడం కొంత ఊరట. దీనికి రుతువు తోడవుతుంది. ఆదిలాబాద్‌లో మే మధ్యాహ్నం 44 డిగ్రీల దగ్గర కుదిర్చిన బండిని డిసెంబరు తెల్లవారుజామున 10 డిగ్రీల చలిలో తీస్తే, గాలి సుమారు 12 శాతం చిక్కగా ఉంటుంది. పెట్రోలు ప్రవాహం అందులో సగమే పెరుగుతుంది కాబట్టి మిశ్రమం ఇంకో 5, 6 శాతం పలచబడుతుంది. రెండూ కలిస్తే, 12.8 దగ్గర కుదిర్చిన లెక్క 14.5 దగ్గరికి చేరినట్టే. పిస్టన్‌ను చల్లబరిచే మిగులు దాదాపు హరించుకుపోయింది.

అందుకే సరిచేసేవారు ఎప్పుడూ పెద్ద జెట్‌తో మొదలుపెట్టి ఒక్కో సైజు దిగుతూ రావాలి. ప్రతి మార్పు తరువాత కొంతదూరం నడిపి, ప్లగ్ విప్పి టార్చి వేసి నెత్తి చూడాలి. సైలెన్సర్ విప్పితే ఎగ్జాస్ట్ పోర్టులోంచి పిస్టన్ పక్క, రింగులు కూడా కనిపిస్తాయి, హెడ్ తీయనక్కర్లేదు. డిసెంబరులో ఇలా కుదిర్చిన జెట్ మే నెలలో కాస్త పొగ పెడుతుంది, మైలేజీ తగ్గిస్తుంది. మేలో కుదిర్చింది డిసెంబరులో పిస్టన్‌నే అడుగుతుంది.