వినాల్సిన మూడు ఆల్బమ్‌లు

యాప్ సజెస్ట్ చేసే పాటలు ఎక్కువగా మనం ఇదివరకు విన్నవాటి చుట్టూనే తిరుగుతాయి. దాన్నే నమ్ముకుంటే మన టేస్టు అక్కడే ఆగిపోతుంది. అందుకే 2024 మార్చిలో వచ్చిన మూడు ఇండీ, ఆల్టర్నేటివ్ ఆల్బమ్‌లు చెప్తాను.

మొదటిది ‘బ్రైట్ ఫ్యూచర్’. బిగ్ థీఫ్ బ్యాండ్ గాయని ఏడ్రియన్ లెంకర్ దీన్ని అడవిలో ఉన్న స్టూడియోలో, టేప్ మీద రికార్డ్ చేసింది. టేప్‌కి అన్‌డూ ఉండదు కదా! అందుకే పాట మన పక్కనే కూర్చుని పాడుతున్నట్టు ఉంటుంది. రాత్రి హెడ్‌ఫోన్స్‌లో వినండి.

అదే రోజు, 22న వచ్చింది ‘టైగర్స్ బ్లడ్’. కేటీ క్రచ్‌ఫీల్డ్ వాక్సహాచీ అనే పేరుతో పాడుతుంది. అది అలబామాలో ఆమె పెరిగిన చోటి వాగు పేరు. కంట్రీ వాసన ఉన్న గిటార్, తేలిగ్గా ఎక్కే ట్యూన్లు. ఈ సంగీతం కొత్త అయితే దీంతోనే మొదలుపెట్టండి.

మూడోది కిమ్ గోర్డన్ ‘ది కలెక్టివ్’. అప్పటికి ఆవిడకి 70 ఏళ్లు! ట్రాప్ బీట్ల మీద గిటార్ గోల. మొదటి పాటంతా దాదాపు ప్రయాణానికి సర్దుకునే సామాన్ల లిస్టే. ఒకసారి వింటే చిరాకు రావచ్చు, రెండోసారి కూడా వినండి.

మూడూ కుదరకపోతే ఒక్కటి చాలు. కానీ షఫుల్ ఆపేసి, మొదటి పాట నుంచి చివరిదాకా వినండి.