కాస్త పక్కకు చూస్తేనే గెలాక్సీ కనిపిస్తుంది, ఎందుకు?

సప్తర్షి మండలం తోక చివర మరీచి నక్షత్రం ఉంది కదా! దానికి దగ్గర్లోనే ఎం51 గెలాక్సీ, దాని పక్కన ఎన్‌జీసీ 5195 అనే చిన్న గెలాక్సీ ఉన్నాయి. ఈ రెండూ గురుత్వాకర్షణతో ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయి. ఐర్లాండ్‌లో లార్డ్ రాస్ 1845లో 72 అంగుళాల అద్దమున్న టెలిస్కోప్‌తో చూసి, ఎం51 సుడి ఆకారాన్ని బొమ్మగా గీశాడు.

పెద్ద అద్దం ఎందుకు?

ఎం51 వెలుగు దాదాపు 3 కోట్ల ఏళ్లు ప్రయాణించి మనల్ని చేరేసరికి బాగా పలచబడుతుంది. చీకట్లో మన కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకానే విచ్చుకుంటుంది. వాన నీళ్లు పట్టడానికి గ్లాసు కంటే గంగాళం మేలు కదా, వెలుగుకూ అంతే! ఔత్సాహికులు వాడే 20 అంగుళాల అద్దం కంటిపాప కంటే సుమారు 5 వేల రెట్లు ఎక్కువ వెలుగును పోగుచేస్తుంది.

ఎలా చూడాలి?

ఊరి దీపాలకు దూరంగా, వెన్నెల లేని రాత్రి వెళ్లాలి. అరగంట చీకట్లో ఉంటే కళ్లు అలవాటు పడతాయి. మధ్యలో ఫోన్ చూశారో, కథ మళ్లీ మొదటికే! నక్షత్ర పటం చూడటానికి మసక ఎర్ర లైటు చాలు.

టెలిస్కోప్‌లో గెలాక్సీ వైపే గుచ్చి చూడకండి. రెటీనా నడిమధ్యలో మసక వెలుగును పట్టే రాడ్ కణాలు ఉండవు, చుట్టుపక్కలే ఉంటాయి. చూపు కాస్త పక్కకు జరిపితే సుడి చేతులు తేలతాయి. రాడ్ కణాలు రంగుల్ని గుర్తించలేవు. అందుకే ఫొటోల్లోని నీలం, గులాబీ రంగులకు బదులు బూడిద రంగే కనిపిస్తుంది.

ఇంకో కిటుకు: టెలిస్కోప్ గొట్టాన్ని మెల్లగా తట్టండి. కదిలేదాన్ని కన్ను ఇట్టే పసిగడుతుంది.